బోన్విచీని వారి శుక్రవారం విందు

ఇటలీలో మా మోదెనా ఊళ్ళో నలుగురు మగవాళ్ళు చేరితే ఇంజన్ల గురించన్నా మాట్లాడుకుంటారు, తిండి గురించన్నా మాట్లాడుకుంటారు. ఇంజన్ల సంగతి నాకు తెలియదు. వాటిని చేసేవాళ్ళ ఆకలి సంగతి మాత్రం నన్నడగండి. బోన్విచీని కార్ల ఫ్యాక్టరీ గేటుకి సరిగ్గా ఎదురుగా ఉన్న భోజన హోటలు నాది. నా పేరు నివెస్. మా ఆయన ఒవీదియో ఆ ఫ్యాక్టరీలోనే, రేసు విభాగంలో రేకు పని చేసేవాడు. అల్యూమినియం రేకుని ఇసుక సంచి మీద పెట్టి, సుత్తితో కొట్టి కొట్టి కారుకి ఒళ్ళు తెప్పించేవాడు. ఆ మోతకి చెవులు పాడై, ఇంటికొచ్చాక నా మాటలు సగం వినిపించేవి కావు. వినిపించిన వాటిలో సగం వినపడనట్టు నటించేవాడు, అది వేరే సంగతి.

ఫ్యాక్టరీ యజమాని ఆన్సెల్మో బోన్విచీని. యుద్ధం అయిపోయాక జర్మన్లు పొలాల్లో వదిలేసి పోయిన లారీలను బాగుచేసి రైతులకి అమ్మిన మనిషి. ఆ సంపాదనతో పెళ్ళి చేసుకుంటాడనుకున్నారు అందరూ. రేసు కారు చేశాడు. అది గెలిచింది. అప్పటి నుంచి మిలాన్ పట్టు వ్యాపారులూ సినిమా హీరోలూ ఊరూ పేరూ తెలియని రాకుమారులూ ఆయన గేటు ముందు బారులు తీరారు, అలాంటిదే మాకూ ఒకటి చేసిపెట్టమని. చేసిపెట్టేవాడు గానీ వాళ్ళంటే ఆయనకి లోకువ. గంటల తరబడి బయట బల్ల మీద కూర్చోబెట్టేవాడు. వాళ్ళు విసుగెత్తి నా హోటలుకి వచ్చి కూర్చునేవారు, నాకు మంచి బేరం. బోన్విచీని దృష్టిలో కారు కొనేవాడంటే రేసులకి చందా ఇచ్చేవాడు, అంతే. సర్కారు వారు కమెందతోరె అని బిరుదిచ్చాక ఊళ్ళో అందరూ ఆయన్ని ఆ పేరుతోనే పిలిచేవారు.

ఒక్క గుణం మాత్రం ఒప్పుకోవాలి. ఆయన గేటు దాటి వచ్చిన ఏ కారైనా చెప్పింది చెప్పినట్టు ఉండేది. ఇంత వేగం వెళ్తుందంటే అంత వెళ్ళేది. మా వాళ్ళు ఆయన్ని తిట్టుకునేవారు, సమ్మె కట్టేవారు, ఆయన బొమ్మకి మీసాలు గీసేవారు. కానీ బయటివాడెవడైనా బోన్విచీని మాట అబద్ధమంటే కొట్టడానికి వెళ్ళేవారు.

అరవై నాలుగో సంవత్సరం వచ్చేసరికి ఆ వ్యాపారానికి మొదటికే మోసం వచ్చింది. తూరినో నుంచి ఒక పెద్ద కార్ల కంపెనీ వాళ్ళు వచ్చిపోతున్నారు. ఫ్యాక్టరీ కొంటాం, పేరు అలాగే ఉంచుతాం, రేసు విభాగం మాత్రం మూసేస్తాం అన్నది వాళ్ళ బేరం. దాన్ని తప్పించుకోవడానికి బోన్విచీనికి ఒక్కటే దారి. కొత్తగా చేసిన కారు జూన్‌లో ఫ్రాన్సులో జరిగే పెద్ద రేసు గెలవాలి. గెలిస్తే కొనేవాళ్ళు ఎగబడతారు. కానీ ఆ రేసు పెట్టేవాళ్ళకి ఒక నియమం ఉంది. అది నిజంగా జనానికి అమ్మే కారేనని రుజువు కావాలి, అందుకని వంద కార్లు తయారై ఉండాలి. వీళ్ళ దగ్గర ఉన్నది అందులో సగం. మిగతా సగం చెయ్యాలంటే డబ్బు కావాలి, డబ్బు రావాలంటే రేసు గెలవాలి, గెలవాలంటే ముందు వంద ఉండాలి. తన తోకని తాను పట్టుకోబోయే కుక్కలా తిరుగుతున్నారు.

అప్పుడు ఫ్యాక్టరీ లెక్కల మనిషి తిరెల్లి ఒక ఉపాయం కనిపెట్టాడు. చూడటానికి ఒక అధికారి వస్తాడు. పొద్దున ఫ్యాక్టరీ ఆవరణలో ఉన్న కార్లన్నీ చూపించి, మిగతా సగం ఫోర్మీజినే రోడ్డులో పాత ఇటుక బట్టీ దగ్గర ఉన్నాయని చెప్పాలి. ఈలోగా భోజనానికి కూర్చోబెట్టాలి. ఆయన తింటున్నంతసేపట్లో మనవాళ్ళు ఆ కార్లనే బట్టీకి తోలుకుపోయి, బానెట్ల కింద నంబరు పలకలు మార్చేయాలి. అందుకే ఆ కార్లన్నిటికీ ఒకే ఎరుపు రంగు వేయించాడు.

తిరెల్లి నా దగ్గరికి వచ్చి, "నివెస్, శుక్రవారం మధ్యాహ్నం ఒక పెద్దమనిషికి భోజనం పెట్టాలి. మూడు గంటలు పట్టాలి," అన్నాడు.

"వండడానికా, తినడానికా?"

"తినడానికి."

"మూడు గంటలు తినేవాడు ఏనుగైనా అయ్యుండాలి, బిషపైనా అయ్యుండాలి."

"నీ వేళాకోళం తర్వాత. కోడి పులుసులో మాంసం కూరిన తోర్తెల్లీని ఉండాలి, ఉడికించిన మాంసాలు పేర్చిన తోపుడు బండి ఉండాలి, పంది కాలు ఉండాలి. ఆయన కుర్చీలోంచి లేవకూడదు. లేస్తే మనందరం లేచిపోయినట్టే."

శుక్రవారం అన్న మాట ఆయన నోటితో అన్నాడు, నేను చెవులారా విన్నాను. ఇద్దరికీ తట్టలేదు.

ఆ సాయంత్రం ఒవీదియో చేతులు కడుక్కుని కూర్చున్నాడు గానీ ముద్ద ముట్టుకోలేదు. "నిన్నూ కారు తోలమన్నారా?" అని అడిగాను.

"అందర్నీ తోలమన్నారు. కమెందతోరె మమ్మల్ని వరసగా నిలబెట్టి తనే అడిగాడు. ఎప్పుడూ కళ్ళలోకి చూసి తిట్టే మనిషి, నివెస్! ఇవాళ మా బూట్ల వంక చూస్తూ బతిమాలాడు."

"ఏమన్నావు?"

"ఏమంటాను? రేసు విభాగం పోతే నేనెక్కడికి పోవాలి? బస్సులకి రేకులు కొట్టుకోవాలి. సరేనన్నాను. అందరం సరేనన్నాం. ఒక్కడన్నా కాదంటాడేమోనని ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం." "నేను కొట్టిన రేకుని నేనే రెండోసారి కొత్తదని చూపించాలిట," అన్నాడు. నాకు కోపమొచ్చింది గానీ ఎవరి మీదో తెలియలేదు. కంచం తీసేశాను.

*

ఆ అధికారి పేరు గోసెన్స్. బెల్జియం నుంచి వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, ముక్కు చివర ఎర్రగా ఉన్నాడు. మార్చి నెల, ఇంకా చలి వదల్లేదు. పాత కోటు ఒకటి వేసుకున్నాడు, దానికి మోచేతుల దగ్గర తోలు అతుకులు. పెద్ద అధికారి అంటే ఎలా ఉంటాడో అనుకున్నాను. బడిపంతులులా ఉన్నాడు.

పొద్దంతా ఆవరణలో కార్లు చూశాడు. కొన్నిట్లో కూర్చున్నాడు కూడా. తర్వాత బోన్విచీని, తిరెల్లి ఆయన్ని వెంటబెట్టుకుని నా హోటలుకి తీసుకొచ్చారు. ఆయన గుమ్మంలో కోటు జేబులు తడుముకున్నాడు. "చేతి తొడుగులు ఎక్కడో పెట్టేశాను. హోటల్ గదిలోనే మరిచిపోయి ఉంటాను," అన్నాడు. మా భాషే, కొంచెం వంకరగా మాట్లాడాడు. బొగ్గు గనుల్లో పనికని బెల్జియం వెళ్ళిన మనవాళ్ళు ఆయనకి పొరుగువాళ్ళట, వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాడట.

కూర్చున్నారు. నేను తెల్ల గుడ్డ పరిచాను, మా అత్తగారి పెళ్ళినాటిది. వైన్ పోశాను. పెద్ద గిన్నెలో తోర్తెల్లీని తెచ్చి మధ్యలో పెట్టి మూత తీశాను. కోడి పులుసు ఆవిరి గది నిండా కమ్ముకుంది. మా ఊళ్ళో ఆ ఆవిరికి లొంగని మగవాడు పుట్టలేదు. కిటికీలోంచి చూస్తే రోడ్డుకి అవతల గేటు తెరుచుకుంది. మొదటి ఎర్ర కారు మెల్లగా బయటికొచ్చి ఫోర్మీజినే రోడ్డు పట్టింది.

గోసెన్స్ ఆ గిన్నె వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. ఎంతో ఇబ్బంది పడుతూ, "అమ్మా, క్షమించండి. ఇవాళ శుక్రవారం కదా," అన్నాడు.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. శుక్రవారమైతే ఏమిటి, రేపు శనివారం అనుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. ఈస్టరుకి ముందు ఉపవాసాల నెల. అందులోనూ శుక్రవారం. భక్తి ఉన్నవాడు మాంసం ముట్టడు.

మా పేట ఎర్ర జెండా పేట. గోడల నిండా పార్టీ పోస్టర్లే. ఇక్కడ చర్చికి వెళ్ళేది ముసలమ్మలూ పావురాలూను. శుక్రవారం మాంసం మానేసేవాడు ఇంకా లోకంలో ఉన్నాడని మాకెవరికీ తట్టలేదు. తిరెల్లి లాంటి తెలివైనవాడు, నట్టు బోల్టుతో సహా అన్నీ ఆలోచించినవాడు, వారం మరిచిపోయాడు. బోన్విచీని మొహం తెల్లబోయింది.

"పోనీ, వేరే ఏదైనా పెట్టు నివెస్, తొందరగా," అన్నాడు తిరెల్లి. కాదు కాదు అని నాలిక్కరుచుకుని, "తొందరేం లేదు, నింపాదిగా పెట్టు," అన్నాడు.

వంటింట్లోకి పరిగెత్తాను. మా వంటలు మీకు తెలియవు. చిక్కుడు గింజల్లో పంది తోలు, ఆకుకూర వేయించింది పంది కొవ్వులో, ఆఖరికి రొట్టె పిండిలో కలిపింది కూడా పంది కొవ్వే. అన్నేళ్ళుగా వండుతున్నాను, ఒక్క మూతకింద కూడా ఆ మనిషికి పెట్టగలిగింది లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఒక గుడ్డు ఉడకపెట్టి, ముల్లంగి ముక్కలు కోసి, జున్ను ముక్క పక్కన పెట్టి తీసుకెళ్ళాను. అంత పెద్ద తెల్ల గుడ్డ మీద, మూతలు తీసిన అన్ని గిన్నెల మధ్య, ఆయన ముందు ఒక గుడ్డు.

ఆయన శిలువ గుర్తు వేసుకుని తిన్నాడు. గుడ్డు తినడానికి ఎంతసేపు పడుతుంది? తిరెల్లి గంటసేపు మాట్లాడాలని చూశాడు. రేసుల కబుర్లు చెప్పాడు, ద్రాక్ష తోటల గురించి చెప్పాడు, లేని మేనత్త జబ్బు గురించి కూడా చెప్పాడు. గోసెన్స్ తలూపుతూ విని, వాళ్ళ కంచాల వంక చూశాడు. పెద్దవాళ్ళిద్దరూ ముద్ద ముట్టకుండా కూర్చున్నారు. తన వల్లే వాళ్ళు తినలేకపోతున్నారని అనుకున్నాడు పాపం.

"నేనిక్కడుంటే మీరు మొహమాటపడుతున్నారు. మీరు సుఖంగా తినండి. దగ్గర్లో చర్చి ఉంటే కాసేపు ప్రార్థన చేసుకుని వస్తాను," అని లేచాడు.

"చర్చి మూసేశారు," అన్నాడు తిరెల్లి వెంటనే.

"లేదు, ఇవాళ ప్రార్థన ఉంటుంది. రైల్వే గేటు దాటగానే. నేను చూపిస్తాను," అన్నాను.

ఎందుకన్నానంటే, పెట్టడానికి తిండి లేనప్పుడు కనీసం దారైనా చూపించాలనిపించింది. అంతే. రైల్వే గేటు ఫోర్మీజినే రోడ్డు మీదే ఉందని నోరు జారాక గుర్తొచ్చింది. తిరెల్లి నన్ను చూసిన చూపుకి కోటు వేసుకోవడం కూడా మరిచిపోయాను. బోన్విచీని మాత్రం మెల్లగా లేచి, "పదండి, నేనూ వస్తాను," అన్నాడు. తిరెల్లి కూడా మా వెనకే పరిగెత్తుకొచ్చాడు.

*

మా రైలుకి జిజెత్తో అని పేరు. సస్సుఓలో అనే ఊరి నుంచి వస్తుంది. రావలసిన వేళకి ఎప్పుడూ రాదు, మధ్యలో ఏ ద్రాక్షతోటలోనో ఆగి కబుర్లు చెప్పి వస్తుందని అంటాం. దాని కోసం గేటు మాత్రం వేళకి వేసేస్తారు. మేము మలుపు తిరిగేసరికి గేటు పడి ఉంది. కొన్ని కార్లు అప్పటికే అవతలికి దాటిపోయాయి. మిగతావి ఇవతల, గేటు నుంచి మలుపు దాకా, వరసగా ఆగి ఉన్నాయి. అన్నీ ఎర్రగా, అన్నీ ఒక్కలా. లోపల మా వాళ్ళు. కొందరి ఒళ్ళో నంబరు పలకలు, చేతుల్లో స్క్రూడ్రైవర్లు.

గోసెన్స్ ఆగిపోయాడు. ఆ వరస మొత్తం ఒకసారి చూశాడు. ఆయన మొహంలో కోపం కనిపిస్తుందని చూశాను, కనిపించలేదు. ఇంట్లో దొంగతనం చేస్తున్న తమ్ముణ్ణి చూసినవాడిలా ఉన్నాడు.

తిరెల్లి నాలుక మాత్రం పడిపోలేదు. "ఇవే మోస్యూ, రెండో సగం! బట్టీ దగ్గర నీళ్ళు లేవు. మీరు వస్తున్నారని కడగటానికి ఫ్యాక్టరీకి తెప్పించాం, మళ్ళీ వెనక్కి పంపిస్తున్నాం. దుమ్ము పట్టిన కారు మీకెలా చూపిస్తాం చెప్పండి?" అన్నాడు నవ్వుతూ.

ఎంత చక్కగా అతికిందో! నేనే నమ్మేసేదాన్ని. గోసెన్స్ బోన్విచీని వంక చూశాడు. ఆయన అవునని అనలేదు, కాదని అనలేదు. నోరు మూసుకుని గేటు వంక చూస్తూ నిలబడ్డాడు. ఆయన మౌనం అవునన్నట్టే పనిచేసింది.

గోసెన్స్ మొహం ఎర్రబడింది. "కమెందతోరె, నేను మీకు క్షమాపణ చెప్పుకోవాలి. ఒక్క క్షణం నేను తప్పుగా అనుకున్నాను. మా పక్కింట్లో మీ ఊరివాళ్ళు ఉండేవారు. గనిలో మా కన్నా కష్టమైన పని చేసేవారు. మా వాళ్ళు వాళ్ళని దొంగలంటే నేను పోట్లాడేవాణ్ణి. ఇవాళ నేనే ఆ పని చేశాను. మన్నించండి," అని చెయ్యి చాచాడు. తొడుగు లేని చెయ్యి, చలికి నీలంగా ఉంది.

బోన్విచీని ఆ చెయ్యి అందుకున్నాడు.

నేనెక్కడికి చూడాలో తెలియక కార్ల వైపు చూశాను. అద్దాలు దించే ఉన్నాయి, అందరికీ అన్నీ వినిపించాయి. ఒక్కడు కూడా తలెత్తలేదు. మా దగ్గరగా ఉన్న కారులో ఉన్నది ఒవీదియో. చెవుడు మనిషి. ఆయనకి కూడా వినిపించిందని మెడ చూస్తే తెలిసింది, చెవుల దాకా ఎర్రబడింది. పక్క సీటు వంక చూశాడు. మళ్ళీ ఒళ్ళోని పలక వంక చూశాడు. నాకు భయం వేసింది, ఎందుకో నాకే తెలియదు.

తలుపు తీసుకుని దిగాడు. చేతిలో ఒక జత తోలు చేతి తొడుగులు. బొటనవేలి దగ్గర ఎవరో ఓపిగ్గా కుట్టిన కుట్టు కనిపిస్తోంది.

"మీవే అనుకుంటాను సార్. పొద్దున మీరు ఇందులో కూర్చున్నప్పుడు సీటు మీద మరిచిపోయారు," అన్నాడు.

"ఒరేయ్, నీకేమన్నా పిచ్చా!" అన్నాడు తిరెల్లి. పక్క కారులోంచి ఎవరో గట్టిగా బూతు తిట్టారు.

గోసెన్స్ వాటిని వెంటనే తీసుకోలేదు. "పొద్దున నేను కూర్చున్నది ఇందులోనా?" అని అడిగాడు.

"ఇందులోనే. ఇవే అవి. ఇంకేం లేవు." ఒవీదియో తొడుగులు ఇంకా చాచే ఉంచాడు. "మీరు క్షమాపణ చెప్పకుండా ఉంటే నేనూ చెప్పేవాణ్ణి కాదు. బట్టీ దాకా తోలేసేవాణ్ణి. ఇన్ని మాటలన్నాక ఇంకా ఎలా కూర్చోను?"

అంతలో జిజెత్తో వచ్చింది. కూత పెడుతూ, కిర్రుమంటూ, ఎప్పటిలాగే నింపాదిగా పోయింది. గేటు లేచింది. ఒక్క కారు కూడా కదల్లేదు. వెనకాల పాల క్యాన్ల బండివాడు హారన్ కొట్టి, "శవాన్ని గాని మోసుకెళ్తున్నారేంట్రా?" అని అరిచాడు.

గోసెన్స్ తొడుగులు వేసుకున్నాడు, ఒక్కొక్క వేలూ సర్దుకుంటూ. "చర్చి ఎటువైపమ్మా?" అని నన్నడిగాడు.

తీసుకెళ్ళాను. చర్చి గుమ్మం దగ్గర, "ఆ తొడుగులిచ్చిన మనిషి మీకు తెలుసా?" అన్నాడు.

"మా ఆయన," అన్నాను. ఆ రెండు మాటలూ తల దించుకునే చెప్పాను. సిగ్గు వల్లనో గర్వం వల్లనో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆయన టోపీ తీసి నాకు తల వంచి లోపలికి వెళ్ళాడు. నేను వెనక బల్ల మీద కూర్చున్నాను. ముసలమ్మలు నన్ను వింతగా చూశారు, నివెస్‌కి ఏమైంది అన్నట్టు. ఆయన గోడల మీద యేసు శిలువ మోసిన ఒక్కో బొమ్మ ముందూ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మా గురించే ప్రార్థిస్తున్నాడేమో అనిపించి ఇంకా కుంచించుకుపోయాను.

*

ఆయన చూసింది చూసినట్టు పైవాళ్ళకి చెప్పాడు. కారుని రేసుకి రానివ్వలేదు. వేసవి పోయి ద్రాక్ష కోతలొచ్చేసరికి తూరినో వాళ్ళు ఫ్యాక్టరీ కొనేశారు. అన్న మాట ప్రకారం పేరు ఉంచారు. గేటు మీద బోన్విచీని అని పెద్ద అక్షరాలు, వెనకాల రేసు విభాగం తలుపులకి తాళాలు. బోన్విచీనిని కూడా ఇంట్లో కూర్చోబెట్టి, ఏదో గౌరవ అధ్యక్షుడని పేరు పెట్టారు.

ఒవీదియో బస్సులకి రేకులు కొట్టే షెడ్డులో చేరాడు. రేసు విభాగంలో కలిసి పనిచేసినవాళ్ళు కొందరు మాట్లాడటం మానేశారు. నా హోటల్లోనే, నా వైనే తాగుతూ, ఆయన వస్తే కుర్చీ తిప్పుకుని కూర్చునేవారు. ఒకడు నాకు వినపడేట్టు, "అంత నిజాయితీపరుడు ముందు ఎందుకు సరేనన్నాడట?" అన్నాడు.

"నువ్వెందుకన్నావో ఆయనా అందుకే అన్నాడు. నోరు మూసుకుని తాగు, లేదా లేచి పో!" అని గరిటె ఊపుతూ వెళ్ళాను. కానీ వాడన్న మాట ఒవీదియోకి తగలవలసిన చోటే తగిలింది. తను గొప్ప పని చేశానని ఒక్కనాడూ అనలేదు. ఎవరైనా మెచ్చుకోబోతే చేతులు అడ్డం పెట్టేవాడు. "నేను కూడా ఆ కారులోనే ఉన్నాను," అనేవాడు. అంతే.

మళ్ళీ ఏడాది ఉపవాసాల నెల వచ్చింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం హోటలు నిండా జనం. తలుపు తీసుకుని బోన్విచీని వచ్చాడు. ఒంటరిగా, కాలినడకన. కోటు వదులైపోయింది, మనిషి అంతగా చిక్కిపోయాడు. గోల ఒక్కసారిగా ఆగింది. ఆయన నేరుగా కిటికీ పక్క బల్ల దగ్గరికి వెళ్ళి, ఆనాడు గోసెన్స్ కూర్చున్న కుర్చీలో కూర్చున్నాడు.

"ఏం పెట్టమంటారు కమెందతోరె?"

"ఒక గుడ్డు, నివెస్. ఉడకబెట్టింది. ఇవాళ శుక్రవారం కదా."

తెచ్చిపెట్టాను. ఆయన గుడ్డు పెంకు తీయలేదు. మూల బల్ల దగ్గర ఒవీదియో తింటున్నాడు. బోన్విచీని అటు తిరిగి, "ఒవీదియో, ఇలా రా," అన్నాడు. మునుపు ఫ్యాక్టరీలో కేకేస్తే గోడలదిరేవి. ఇప్పుడు అడిగినట్టుంది.

ఒవీదియో వచ్చి నిలబడ్డాడు.

"నీ మీద కోపం ఉందనుకుంటున్నావా?"

"ఉండాల్సిందే కదా అయ్యా. ఫ్యాక్టరీ పోయింది."

"ఫ్యాక్టరీ ఎలాగూ పోయేది. ఒక ఏడు అటో ఇటో." ఆయన కుడిచెయ్యి బల్ల మీద పెట్టి దాని వంకే చూస్తున్నాడు. "ఆయన నాకు క్షమాపణ చెప్పి చెయ్యి చాచాడు. నేను పుచ్చుకున్నాను. నువ్వు తట్టుకోలేక కారు దిగావు. నేను తట్టుకున్నాను, ఒవీదియో. హాయిగా నిలబడి, ఆ చెయ్యి పుచ్చుకుని ఊపాను కూడా."

కుర్చీలు తిప్పుకున్నవాళ్ళందరూ వింటున్నారు. వాళ్ళకి వినపడాలనే ఆయన ఇంతమందిలో చెప్పాడని నాకు అప్పుడర్థమైంది.

ఒవీదియో, "నాకు చెప్పి ఏం లాభం అయ్యా? చెప్పాల్సింది ఆయనకి," అన్నాడు.

"తెలుసు. వెళ్దామని ఎన్నిసార్లో బయల్దేరాను. మొహం చెల్లలేదు." నవ్వబోయి, "ఇప్పుడు వెళ్దామన్నా కారు లేదు," అన్నాడు.

జీవితమంతా కార్లు చేసినవాడి నోట ఆ మాట విని ఎవరూ నవ్వలేదు. నేను ఉండబట్టలేక, "రైలుంది కదండీ. ఇంకాసేపట్లో జిజెత్తో వస్తుంది. స్టేషన్‌లో దిగి పెద్ద రైలెక్కితే రేపటికి బెల్జియంలో ఉంటారు," అన్నాను.

"అవును, ఉంది," అన్నాడు.

రైల్వే గేటు గంట మోగింది. ఆయన కోటు గుండీ పెట్టుకున్నాడు. లేస్తాడని అందరం ఎదురుచూశాం. ఒవీదియో తలుపు దగ్గరికి వెళ్ళి తెరిచి పట్టుకున్నాడు. చలిగాలి లోపలికొచ్చింది. దూరంగా రైలు కూత వినిపించింది, దగ్గరైంది, గేటు దాటి వెళ్ళిపోయింది. బోన్విచీని గుండీ విప్పుకుని, గుడ్డు పెంకు తీయడం మొదలుపెట్టాడు. ఒవీదియో తలుపు వేసేసి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఉప్పు గిన్నె ఆయన ముందుకి జరిపాడు.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం ఒక గుడ్డు ఉడకబెట్టి పక్కన పెడతాను. బోన్విచీని వస్తాడు. ఒవీదియో ఎదురుగా కూర్చుంటాడు. గేటు గంట మోగగానే కమెందతోరె కోటు గుండీ పెట్టుకుంటాడు, రైలు వెళ్ళిపోయాక విప్పుకుంటాడు.